ఒంటి తుమ్ము

పోయిన చలికాలం దాకా మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. ఎవరైనా చెప్పులు వేసుకుని గుమ్మం దాటబోతుండగా తుమ్ము వినబడితే ప్రయాణం అక్కడికక్కడే ఆగిపోవాలి. వెనక్కి వచ్చి సోఫాలో కూర్చోవాలి. మా మావగారు రామ్మోహనరావుగారు స్వయంగా లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవారు. అవి తాగాకే కదలాలి. ఒక్కటే వస్తే ఒంటి తుమ్ము, మంచిది కాదు. వెంటనే రెండోది కూడా వచ్చిందా, మొదటిదాని దోషం పోయినట్టే, నిక్షేపంగా వెళ్ళొచ్చు. మా కొత్తగూడ ఫ్లాటులో ఈ చట్టం నాకూ, మా ఆయన వెంకట్‌కీ, గ్యాస్ బండ తెచ్చే మనిషికీ సమానంగా వర్తించేది. ఒకసారి ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే క్యాబ్ డ్రైవరు తుమ్మాడు. మావయ్యగారు రింగురోడ్డు ఎక్కకముందే కారు పక్కకి ఆపించి, తన సీసాలో నీళ్ళు అతనిచేత తాగించారు. "ఇదంతా మూఢనమ్మకం కదండీ" అని ఎవరైనా అంటే ఆయనకి కోపం వచ్చేది కాదు. "అయితే అవనివ్వండి. హడావిడిగా పోయే మనిషి రెండు నిమిషాలు కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగితే ఎవరికి నష్టం?" అనేవారు.

ఆయన ఇరిగేషన్ శాఖలో గోదావరి కాలువల మీద పనిచేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు. వచ్చారే గానీ తండ్రీ కొడుకుల మధ్య మాటలు మాత్రం కరువు. "తిన్నావురా?" "తిన్నాను నాన్నా." ఆ పూటకి అంతే. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ కలిపి మాట్లాడుకోవడానికి ఒక విషయం లేదు, అదే చిక్కు. ఆ చిక్కు తీర్చింది గోల్ఫ్ అంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెనకే ఏడుపూ వస్తుంది.

వెంకట్ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో డెలివరీ మేనేజర్. క్లయింట్లు వచ్చినప్పుడు వాళ్ళతో గోల్ఫ్ ఆడగలిగితే పైవాళ్ళ కంట్లో పడొచ్చని ఎవరో చెవిలో వేశారు. ఇంకేముంది, ఎవరో వాడి వదిలేసిన గోల్ఫ్ కర్రల సంచి ఒకటి కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దున్నే గోపన్‌పల్లి అవతలున్న ప్రాక్టీసు మైదానానికి బయల్దేరాడు. అక్కడ బకెట్టు నిండా బంతులు అద్దెకిస్తారట, అవి అయిపోయేదాకా కొట్టుకోవచ్చట. "నేనూ రానా?" అన్నారు మావయ్యగారు, మఫ్లరు అప్పటికే మెడకి చుట్టుకుని.

వాళ్ళిద్దరూ తిరిగొచ్చేసరికి లిఫ్టులోంచే నవ్వులు వినబడ్డాయి. మా ఇంట్లో ఆ రకం నవ్వు నేను విని చాలా కాలమైంది.

"బంతిని వదిలేసి నేలని తవ్వుతున్నాడమ్మా ఉదయా," అన్నారు మావయ్యగారు షూ విప్పుకుంటూ. "కాలువ పూడిక తీయడానికి మనిషి కావాలంటే వీణ్ణి పంపొచ్చు."

"నాన్న అక్కడ ఏం చేశారో తెలుసా?" అన్నాడు వెంకట్. "తోటమాలి దగ్గర కూర్చుని ఆ గడ్డికి నీళ్ళు ఎటు పెడతారో, ఎటు పోతాయో మొత్తం ఆరా తీశారు. నేను ఒక్క బంతి బాగా కొడితే, అదీ చూడలేదు."

"చూశానురా. బాగా వెళ్ళింది."

"నిజంగా చూశారా?"

"చూశాననే చెబుతున్నా కదా."

ఆ తర్వాత ఆదివారాలన్నీ వాళ్ళవే. తిరిగొచ్చేటప్పుడు కొత్తగూడ చౌరస్తాలో బండి దగ్గర ఇడ్లీ తినేసి, నాకు మాత్రం చల్లారిపోయిన గారెలు పొట్లం కట్టించి తెచ్చేవారు. ఆ గారెలు చల్లగా ఉన్నా నాకు బాగానే ఉండేవి.

ఇక సురేంద్ర సంగతి. అతను ఆ మైదానంలో ఆట నేర్చుకుని పెద్ద ఆటగాడైనవాడు. దేశమంతా తిరిగి ఆడతాడు, గెలుస్తాడు, టీవీలో కనిపిస్తాడు. దానికంటే ఎక్కువగా అతని కోపం కనిపిస్తుంది. కొట్టిన బంతి నీళ్ళలో పడిందంటే వెనకాలే కర్ర కూడా నీళ్ళలో పడాల్సిందే. సంచి మోసే మనిషిని మైకులు ఉన్నాయని కూడా చూడకుండా నానా మాటలూ అన్నాడు. ప్రశ్న వేసిన విలేకరి టోపీ లాగి నేలకేసి కొట్టాడు. అలాంటిది ఒకటి జరిగినప్పుడల్లా జరిమానా వేస్తారు, అభిమానులు ఇంకాస్త పెరుగుతారు. వాళ్ళందరికీ కలిపి వాట్సాప్‌లో 'సురేంద్ర సేన' అని ఒక గ్రూపు ఉంది. దానికి పెద్ద మా ఆయన.

ప్రతి దానికీ సేన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. కర్ర విరిచాడా, ఆట మీద అంత ప్రేమన్నమాట. సంచి మోసేవాణ్ణి తిట్టాడా, వాడు దూరం తప్పు చెప్పి ఉంటాడు. విలేకరి సంగతి సరేసరి, వాళ్ళెప్పుడూ అంతే.

"మర్యాదగా ఆడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు ఉదయా," అన్నాడు వెంకట్ ఒకరోజు. "వాళ్ళలో ఒక్కడి పేరు చెప్పు చూద్దాం."

నాకు సురేంద్ర పేరు తప్ప ఎవరి పేరూ తెలీదు. "చూశావా" అన్నట్టు కళ్ళెగరేశాడు.

"మన ఇంట్లో ఎవరైనా అలా విసిరికొడితే ఊరుకుంటావా?"

"మన ఇంట్లో ఎవరికీ అంత ఆట రాదుగా!"

నాకు ఒళ్ళు మండింది గానీ, వెంకట్ మీద జాలి కూడా కలిగింది. రోజంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని అవతలివాళ్ళు ఏమన్నా "ష్యూర్, ష్యూర్" అనే మనిషి అతను. తప్పు తనది కాకపోయినా సారీ చెబుతాడు, చెప్పి చెప్పి మెడ కూడా ముందుకి వంగిపోయింది. అలాంటి మనిషికి, కోపం వచ్చిన క్షణంలోనే కోపం చూపించేవాణ్ణి చూస్తే కడుపు నిండుతుంది కాబోలు. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళంతా దాదాపు అలాంటి ఉద్యోగస్తులే.

మావయ్యగారు కూడా సురేంద్ర ఆట టీవీలో చూసేవారు. ఆయన ఆటని మెచ్చుకునేవారు, కోపం దగ్గరికి వచ్చేసరికి నొచ్చుకునేవారు. "పాపం ఆ కుర్రాడికి పక్కన ఎవరూ లేరేంట్రా? అంత ఆవేశం వస్తే ముందు నోరెండిపోతుంది. ఎవరైనా కాసిని మంచినీళ్ళు అందిస్తే సగం తగ్గును," అనేవారు.

"అతనికి కావలసింది నీళ్ళు కాదు నాన్నా, కప్పు," అని నవ్వేవాడు వెంకట్.

జనవరిలో ఆ మైదానం పక్కనే ఉన్న పెద్ద కోర్సులో టోర్నమెంటు పెట్టారు. జనాన్ని అదుపులో పెట్టడానికి వాలంటీర్లు కావాలన్నారు. సురేంద్రని దగ్గర నుంచి చూసుకోవచ్చని వెంకట్ తన పేరు ఇవ్వబోయాడు, కానీ ఆఫీసువాళ్ళు చివరి రోజుకి తప్ప సెలవివ్వలేదు. దాంతో మావయ్యగారి పేరు ఇచ్చాడు. వాళ్ళు ఆయనకి తెల్ల టీషర్టు, టోపీ, ఒక పొడుగాటి కర్రకి బిగించిన అట్ట ఇచ్చారు. అట్ట మీద 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాలు. ఆటగాడు బంతి దగ్గరికి రాగానే దాన్ని పైకెత్తాలి, జనం నోళ్ళు మూసుకోవాలి.

ఆ టీషర్టు ఇస్త్రీ చెయ్యడానికి నాకు కూడా ఇవ్వలేదాయన. "కాలువ లాకులెత్తేటప్పుడు కూడా ఇంత క్రమశిక్షణ చూడలేదమ్మా. నేను అట్ట ఎత్తితే చీమ కూడా కదలదు," అని సాయంత్రాలు సంబరంగా చెప్పేవారు. వెంకట్ ఆఫీసు నుంచి రాగానే తిన్నావా అని అడగడం మానేసి, ఆ రోజు ఎవరు ఎలా ఆడారో మొదలుపెట్టేవారు. వెంకట్ లాప్‌టాప్ సంచి కూడా భుజం మీంచి దింపకుండా వినేవాడు.

చివరి రోజు నేనూ వెళ్ళాను. పొద్దుటి మంచుకి గడ్డి ఇంకా తడిగానే ఉంది. మావయ్యగారికి ముందు రోజు నుంచే జలుబు. "మానెయ్యండి" అంటే "చివరి రోజు మానెయ్యడమేంటమ్మా" అన్నారు. ఆట, బంతి పడాల్సిన చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి సురేంద్ర ఇంకొకడితో సమానంగా ఉన్నాడు. ఆ ఒక్క బంతీ గుంటలో పడితే కప్పు అతనిదే. దూరం కూడా ఎంతో లేదు, మా హాల్లో సోఫా నుంచి టీవీ దాకా ఉంటుందేమో. తాడు ఇవతల మేం వందల మందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. వెంకట్ ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. తాడు అవతల, సురేంద్రకి కాస్త పక్కగా, అట్ట పైకెత్తి మావయ్యగారు.

సురేంద్ర వంగాడు. మావయ్యగారు తుమ్మారు.

ఒక్కటే తుమ్ము. సురేంద్ర కొట్టకుండా ఆగి తలెత్తాడు. అంతటితో పోయేదే. మావయ్యగారు రెండో తుమ్ము కోసం ముక్కు ఎగబీల్చి ఒక క్షణం చూశారు, అది రాలేదు. అప్పుడాయన, ఎన్నో ఏళ్ళుగా మా గుమ్మంలో చేసినట్టే, అట్టని చంకలో ఇరికించుకుని నడుముకి వేలాడుతున్న నీళ్ళ సీసా తీసి ముందుకి చాపారు.

"ఒక్క క్షణం ఆగు నాయనా. కాసిని మంచినీళ్ళు తాగి కొట్టు."

జనం గొల్లుమన్నారు. సురేంద్ర మొహం ఎర్రబడింది. మళ్ళీ వంగి విసురుగా కొట్టాడు. బంతి గుంట అంచు తాకి పక్కకి దొర్లిపోయింది. అతను గిర్రున తిరిగి వచ్చి మావయ్యగారి చేతిలో సీసాని కర్రతో కొట్టాడు. అది ఎగిరి గడ్డిలో పడి నీళ్ళు కారిపోయాయి.

"ఎవడ్రా ఈ ముసలోణ్ణి తెచ్చి ఇక్కడ నిలబెట్టింది? తీసేయండి వీణ్ణి నా కళ్ళ ముందు నుంచి!"

ఇంకా అన్నాడు, అవి నేను రాయను. కర్రని మోకాలికేసి రెండుగా విరిచి మావయ్యగారి కాళ్ళ దగ్గర పడేశాడు. అప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళు "సురేంద్రా! సురేంద్రా!" అని ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. నేను తాడు కింద నుంచి దూరి వెళ్ళేసరికి మావయ్యగారు వంగి సీసా మూత వెతుక్కుంటున్నారు. వెనక్కి తిరిగి చూశాను. వెంకట్ తాడు ఇవతలే ఉన్నాడు, ఫోను ఇంకా పైకే ఉంది.

కారులో మావయ్యగారే ముందు మాట్లాడారు. "తప్పు నాదేరా. అట్ట పట్టుకున్నవాణ్ణి, నేనే నోరు విప్పాను. ఆ కుర్రాడి కప్పు పోయింది."

వెంకట్ "పోనీలెండి నాన్నా" అన్నాడు.

సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. వెంకట్ తీసినది కాదు, ఇంకెవరో తీసినది. అందులో టోపీ నీడకి మావయ్యగారి మొహం సరిగ్గా కనబడదు. ఆయనకి 'తుమ్ము తాత' అని పేరు పెట్టేశారు. తుమ్ము తాత పెళ్ళిలో, తుమ్ము తాత రాకెట్టు దగ్గర, తుమ్ము తాత ఆపరేషన్ థియేటర్లో, అన్నిచోట్లా సీసా చాపుతున్నట్టు బొమ్మలు. మర్నాడు సురేంద్ర ఒక ప్రకటన ఇచ్చాడు, ఆవేశంలో హద్దు దాటానని, అభిమానులు అర్థం చేసుకోవాలని. సీసా చాపిన మనిషి ప్రస్తావన అందులో లేదు. సేనకి అదే చాలు. చూశారా ఎంత పెద్ద మనసో అని దండాల బొమ్మలు పెట్టారు.

"గ్రూపులో చెప్పు," అన్నాను వెంకట్‌తో. "ఆయన మా నాన్న, ఇక ఆపండి అని ఒక్క ముక్క చెప్పు."

"చెబితే ఇంకా రేగుతుంది ఉదయా. పేరు బయటపడుతుంది, ఇంటిదాకా వస్తారు. నేను కదపకపోతే వారంలో మర్చిపోతారు. నాన్న ఇవన్నీ చూడరు కూడా."

అది నిజమే. మావయ్యగారి ఫోను మాట్లాడుకోవడానికే. అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, కానీ చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున్న కాలింగ్ బెల్లు మోగింది. సేనలో ఉండే దినేష్ అట, వెంకట్‌తో ఫోనులో మాట్లాడటమే తప్ప ఎప్పుడూ మా ఇంటికి రాలేదు. చేతిలో సురేంద్ర సంతకం పెట్టిన టోపీ.

"నమస్తే వదినా. అన్నకు సర్‌ప్రైజ్ ఇద్దామని వచ్చిన. జర పిలుస్తరా?"

వెంకట్ స్నానానికి వెళ్ళాడు. మావయ్యగారు పేపరు మడిచి "రా బాబూ, కూర్చో. కాఫీ తాగుదువుగాని," అన్నారు. దినేష్ కూర్చోబోయి ఆగిపోయాడు. ఆయన మొహంకేసి, ఆ గొంతు ఎక్కడో విన్నట్టు చూశాడు. అప్పుడే మావయ్యగారు నా వైపు తిరిగి "అమ్మా, ముందు మంచినీళ్ళియ్యి నాయనకి" అన్నారు. వీడియోలోని గొంతు అదే.

"తాతా... మీరేనా?" అన్నాడు. "మీరు వెంకటన్న వాళ్ళ నాయనా?"

"అవును బాబూ."

నేను దినేష్‌కి కళ్ళతో సైగ చేశాను. అతను చూసే స్థితిలో లేడు. టోపీ కింద పెట్టేసి ఆయన కాళ్ళ దగ్గర వంగాడు.

"మాఫ్ చెయ్యుండ్రి తాతా. తుమ్ము తాత అని పేరు పెట్టింది నేనే. నాకు తెల్వదు, నిజంగ తెల్వదు. అందరం నవ్వినం, ఆఖరికి వెంకటన్న గూడ నవ్వే బొమ్మ పెట్టిండు. అన్న ఒక్క మాట చెప్తే ఆడికే బంద్ జేస్తుంటిమి గద!"

నాకు తెలియని సంగతి అది. మావయ్యగారు అతని భుజాలు పట్టి లేపారు.

"నువ్వేం చేశావు బాబూ, ఊరుకో. వెంకట్ కూడానా?"

దినేష్‌కి అప్పుడు అర్థమైంది. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"సరే, కూర్చో. కాఫీలో పంచదార ఎంత వెయ్యమంటావు?" అని మావయ్యగారు వంటింట్లోకి వచ్చారు. నేను ఇస్తానన్నా వినకుండా తనే చెంచాతో వేసి కలిపారు. కలుపుతూనే ఉన్నారు, పంచదార కరిగిపోయిన చాలాసేపటికి నేను కప్పు తీసుకోవలసి వచ్చింది. వెనకాల తల తుడుచుకుంటూ వెంకట్ హాల్లోకి వచ్చాడు. దినేష్ తల వంచుకుని ఏదో చెబుతున్నాడు. వెంకట్ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆ రోజు తండ్రీ కొడుకుల మధ్య గొడవ జరుగుతుందనుకున్నాను. జరిగితే బాగుండేది. వెంకట్ దగ్గరికి వెళ్ళి "నాన్నా, అందరూ పెడుతుంటే నేనూ పెట్టకపోతే అనుమానం వస్తుందని..." అన్నాడు. మావయ్యగారు "సర్లేరా, అదేమంత పెద్ద విషయం" అన్నారు. మామూలుగానే అన్నారు. భోజనం చేశారు, పేపరు చదివారు.

ఆ సాయంత్రమే వెంకట్ ఆ వీడియోలో ఉన్నది మా నాన్న అని గ్రూపులో రాసి, బయటికి వచ్చేశాడు. వాళ్ళు చాలామంది క్షమాపణలు చెప్పారట. కొందరు మాత్రం అయినా ఆ టైములో తుమ్మకుండా ఉండాల్సింది అన్నారట. ఆ టోపీని దినేష్ మర్చిపోయాడో, కావాలనే వదిలేశాడో, అది చెప్పుల అలమర మీద చాలా రోజులు పడి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి మా ముగ్గురిలో ఎవరికీ చెయ్యి రాలేదు.

"నాన్నా, రేపు ప్రాక్టీసుకి వెళ్దామా?" అని వెంకట్ శనివారాలు అడిగేవాడు.

"చలిగా ఉంది కదరా, నువ్వెళ్ళిరా."

చలి తగ్గాక అడిగితే ఎండ అన్నారు. కొన్నాళ్ళకి వెంకట్ అడగడం మానేశాడు. గోల్ఫ్ సంచి బాల్కనీలో మూలకి చేరింది, నేను దాని మీద తడి గుడ్డలు ఆరేస్తున్నాను. "తిన్నావురా?" "తిన్నాను నాన్నా." మళ్ళీ అంతే. మావయ్యగారు తుమ్ము వస్తే తువ్వాలు మూతికి గట్టిగా అదిమి లోపలే ఆపుకోవడం నేర్చుకున్నారు. ఎవరు గుమ్మం దాటుతున్నా తల ఎత్తేవారు కాదు. గ్యాస్ బండ అబ్బాయి ఒకసారి "ఏంది సార్, నీళ్ళియ్యరా?" అని హాస్యమాడాడు. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మార్చిలో వెంకట్‌కి ఇంకో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఆ రోజు ఆఖరి ఇంటర్వ్యూ. కొత్త చొక్కా తొడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, షూ లేసులు కట్టుకుంటున్నాడు. హాల్లో మావయ్యగారు తుమ్మారు. ఆపుకోబోయారు గానీ ఆగలేదు.

ఒక్కటే తుమ్ము. మావయ్యగారు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని పేపర్లోకి తల దించేశారు.

వెంకట్ లేసులు విప్పాడు. షూ పక్కన పెట్టి వచ్చి తండ్రి ఎదురుగా సోఫాలో కూర్చున్నాడు. నేను నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాను. అది పట్టుకుని తాగకుండా ఆయన వైపే చూస్తూ కూర్చున్నాడు.

"టైమవుతుందేమోరా," అన్నారు మావయ్యగారు పేపర్లోంచి.

"చెప్పండి నాన్నా."

"ఏం చెప్పాలి?"

"ఎప్పుడూ చెప్పేదే."

"అవన్నీ పాతకాలపు మాటలు. నలుగురూ నవ్వుతారు." ఆ మాటలో కోపం లేదు. ఉంటే వెంకట్ ఏదో ఒకటి అనగలిగేవాడు. "వెళ్ళిరా, మంచి జరుగుతుంది."

వెంకట్ ఆ నీళ్ళు తాగాడు. షూ తొడుక్కుని, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, వెళ్ళిపోయాడు.

లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినబడగానే మావయ్యగారు లేచి వంటింట్లోకి వచ్చారు. "మిరియాల పొడి ఎక్కడుందమ్మా?"

"గొంతు నొప్పిగా ఉందా? పాలల్లో కలిపిస్తాను."

"అక్కర్లేదు, కాస్త పొడి ఇయ్యి చాలు."

చిటికెడు ఆయన అరచేతిలో వేశాను. ఆయన గబగబా బాల్కనీలోకి వెళ్ళారు. ఎందుకో అర్థంకాక వెనకే వెళ్ళి తలుపు దగ్గర ఆగాను. కింద గేటులోంచి వెంకట్ కారు బయటికి వస్తోంది. మావయ్యగారు ఆ పొడిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చారు. కళ్ళు నీళ్ళయ్యాయి, మొహం ఎర్రబడింది. మళ్ళీ పీల్చారు. కారు మలుపు తిరిగి ఫ్లైఓవరు ఎక్కింది. ఆయన రెయిలింగు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని రెండో తుమ్ము కోసం అలా నిలబడే ఉన్నారు. అది రాలేదు.